పొట్టి కోడికి గట్టి పోటీ

తెల్లవారుజామున నాలుగింటికి చాదర్‌ఘాట్ వంతెన పక్క సందుల్లో నిలబడి చెవి ఒగ్గితే రెండు రకాల కూతలు వినిపిస్తాయి. ఒకటి బొంగురుగా, కుండలోంచి వచ్చినట్టు, సగంలోనే తెగిపోతుంది. అది అసీల్ పుంజుది. రెండోది సన్నగా, కీచుమని, ఆగకుండా వస్తుంది. అరకిలో బరువుండే పొట్టి కోడిది ఆ కూత. పుంజు ఎంత చిన్నదో గొంతు అంత పెద్దది. పక్కింటివాళ్లతో తగవు కూడా అంత పెద్దదే అవుతుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

కోడంటే గుడ్డు, కూర, సంక్రాంతి బరి, ఈ మూడే అనుకునేవారు ఈ వారం ఈ పేజీ పూర్తిగా చదవాలి. ఈకల అందం కోసం, ఒడ్డూ పొడుగూ కొలతకు సరిపోవడం కోసం కోళ్లను పెంచి పోటీలకు పెట్టే షౌక్ ఒకటుంది. పాతబస్తీలో, చాదర్‌ఘాట్, మలక్‌పేట డాబాల మీద ఈ షౌకీన్లు కనిపిస్తారు. ఎకరాలు అక్కర్లేదు. నీళ్ల ట్యాంకు పక్కన మంచమంత చోటు చాలు. కాకపోతే ఓపిక కావాలి, నోటుబుక్కు కావాలి.

జావా నుంచి వచ్చిన పేరు

ఈ పొట్టి కోళ్లను బాంటం కోళ్లంటారు. ఇండోనేసియాలో జావా దీవిలో బాంటెన్ అనే రేవు ఉంది. ఆ ఊరి పేరే యూరప్ నావికుల నోట్లో పడి బాంటం అయ్యింది. వీటిలో రెండు తరగతులున్నాయి. మొదటినుంచీ పొట్టి జాతిగానే ఉన్నవి కొన్ని. పెద్ద జాతిని తరతరాలుగా చిన్నది చేసుకుంటూ తెచ్చినవి కొన్ని. రెండో తరగతివి అసలు జాతిలో నాలుగో వంతో అయిదో వంతో బరువుంటాయి.

సీబ్రైట్ అని ఒక జాతి ఉంది. ఇంగ్లండులో సర్ జాన్ సీబ్రైట్ అనే ఆసామి రెండు వందల ఏళ్ల కిందట తయారుచేసింది. పుంజు 620 గ్రాములు, పెట్ట 510 గ్రాములు ఉంటే బరువు సరిగా ఉన్నట్టు. ప్రతి ఈకకూ అంచు పొడుగునా కాటుక గీసినట్టు సన్నటి నల్లగీత ఉంటుంది. విచిత్రమేమంటే ఇందులో పుంజుకూ పెట్టకూ ఈకలు ఒకేలా ఉంటాయి. పుంజుకు కొడవలి తోక రాదు, మెడ మీద మొనదేలిన ఈకలు రావు. మగ హార్మోను చర్మంలో ఆడ హార్మోనుగా మారిపోవడమే దీనికి కారణం.

మన దగ్గర షౌకీన్ల గూళ్లలో ఎక్కువగా కనిపించేవి కొచ్చిన్ బాంటం, సిల్కీ, నెత్తిన టోపీ పెట్టినట్టుండే పోలిష్, కాళ్లు బెత్తెడు కూడా లేని జపాన్ చాబో. సిల్కీకి ఈకలుండవు, పత్తిలాంటి నూగు ఉంటుంది. చర్మం నలుపు, కాలికి అయిదేసి వేళ్లు. అమెరికావాళ్లు దీన్ని బాంటంలో లెక్కేస్తారు, బ్రిటన్‌వాళ్లు పెద్ద జాతుల్లో లెక్కేస్తారు. కాబట్టి పోటీకి వెళ్లేముందు ఏ ప్రమాణం ప్రకారం చూస్తారో అడిగి తెలుసుకోవాలి.

బరి మూసేస్తే బల్ల వచ్చింది

కోళ్ల అందాల పోటీ ఎలా పుట్టిందో తెలిస్తే మన పరిస్థితి కూడా అర్థమవుతుంది. ఇంగ్లండులో 1835లో చట్టం చేసి కోడిపందేలు ఆపేశారు. తరాలుగా పందెం జాతులను సాకినవాళ్లు వాటినేం చేయాలి? పదేళ్లు తిరిగేసరికి, 1845లో, లండన్ జంతుప్రదర్శనశాలలో కోళ్ల ప్రదర్శన పెట్టారు. 1865లో ఏ జాతి ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాల పుస్తకం అచ్చయింది. ఆ తర్వాత పోరు కోడి నెత్తురు చిందించకుండానే బహుమతి తెచ్చిపెట్టింది.

మన దగ్గరా చట్టం ఉంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం పందేలను నేరమన్నది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఉంది. 2016 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు పందేలు జరగకుండా చూడాలని అధికారులను గట్టిగానే ఆదేశించింది. అయినా సంక్రాంతికి ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అయితే ఈమధ్య ఒక మంచి మార్పు కనిపిస్తోంది. తమిళనాడులోనూ, మన ప్రకాశం జిల్లా వైపూ చిలుకముక్కు అసీల్ కోళ్లకు అందాల పోటీలు పెడుతున్నారు. ముక్కు పొట్టిగా చిలుక ముక్కులా వంగి ఉండాలి, తోక నేలను తాకేంత పొడవుండాలి, మెడ, నిలబడే తీరు చూసి మార్కులు వేస్తారు. పుంజుకు పుంజు ఎదురుపడదు, కత్తి కట్టరు. డేగ, కాకి, సేతువ, నెమలి, పర్ల, మైల, పింగళ అంటూ మన పెద్దలు ఈకను బట్టి పేర్లు పెట్టిన కోళ్లు ఈ దారిలోనైనా మిగులుతాయని నా ఆశ. రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంస్థ అసీల్‌ను కాపాడే పని చేస్తోంది. కానీ సంస్థ ఒక్కటే ఎన్ని రంగులని కాపాడుతుంది?

కొనేటప్పుడే సగం పని

చార్మినార్ దగ్గర ముర్గీచౌక్ పేరు వినని షౌకీన్ ఉండడు. అక్కడే కాదు, ఏ సంతలో కొన్నా ఒకటే జాగ్రత్త. గంపలో ఉన్న కోడి పక్క గంపలోని రోగాన్ని కూడా వెంట తెస్తుంది.

ఇది చదివి చెబుతున్నది కాదు. చాలా ఏళ్ల కిందట ఒక సంతలో కొచ్చిన్ బాంటం జత ఒకటి నచ్చి కొన్నాను. ఎక్కడ కొన్నానో ఇక్కడ అనవసరం. ఇంట్లో అప్పటికే ఆరు కోళ్లున్నాయి. సంబరం ఆపుకోలేక ఆ సాయంత్రమే అన్నిటినీ ఒకే గూట్లో వేశాను. అయిదో రోజున కొత్త పెట్ట ముడుచుకుని కూర్చుంది. ఆకుపచ్చ రెట్ట వేసింది, నోరు తెరిచి గురక పెట్టింది. తర్వాత పాత కోళ్లు మెడలు మెలితిప్పుకుని ఒక్కొక్కటే పడిపోయాయి. పదిరోజుల్లో ఎనిమిదింటికి ఏడు పోయాయి. మా పిల్లవాడు పేర్లు పెట్టుకున్న కోళ్లవి. చాదర్‌ఘాట్‌లో ఎప్పటినుంచో కోళ్లు సాకుతున్న పెద్దాయన దగ్గరికి వెళ్లి గోడు చెప్పుకున్నాను.

"కొన్న దినమే గూట్ల కలిపినవా బేటా?" అన్నాడు.

"అవును చాచా."

"టీకా ఏసినవా?"

"లేదు."

"మరి కోళ్లను తిడ్తవేంది?" అని చాయ్ చెప్పాడు. ఇంకేమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది.

అది కొక్కెర రోగం. రాణిఖేత్ అంటే పట్నంలో అందరికీ తెలుస్తుంది. దీనికి మందు లేదు, టీకా ఒక్కటే. కొత్త కోడిని కనీసం మూడు వారాలు వేరే గూట్లో, వేరే గిన్నెలతో ఉంచాలి. రోజూ ముందు పాతవాటికి మేత పెట్టి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లాలి. తిరిగి వచ్చాక చేతులు, చెప్పులు కడుక్కోవాలి.

పిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా లేదా ఎఫ్-1 చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి. రెండో వారంలో గంబోరో. నాలుగో వారంలో మళ్లీ లసోటా. ఆరో వారంలో మశూచి టీకా, ఎనిమిదో వారంలో ఆర్-2-బి సూది. ఇందులో షౌకీన్లకు వచ్చే చిక్కొకటుంది. టీకా సీసాలు వందల కోళ్లకు సరిపోయేలా వస్తాయి. మీ దగ్గర ఉన్నవి పన్నెండు పిల్లలు. సీసాలో ద్రావణం కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది దాచిపెడితే నీళ్లతో సమానం. అందుకని ఒక బస్తీలో కోళ్లున్న నలుగురైదుగురు మాట్లాడుకుని, పిల్లలను ఒకే వారంలో పొదిగించి, ఒకే సీసాతో అందరూ వేయించుకోవడం మేలు. సీసాను ఐసు డబ్బాలోనే తేవాలి. అనుమానం ఉంటే నారాయణగూడ పశువైద్యశాల చాదర్‌ఘాట్‌కు దూరమేమీ కాదు, ఒక ఆటో చాలు.

నాలుగో వంతు గుడ్లు ఎందుకు పోతాయి?

ఇక జత కట్టే విషయానికొద్దాం. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

పొట్టి కాళ్ల చాబో పుంజును పొట్టి కాళ్ల పెట్టకే కడితే అన్నీ పొట్టివే పుడతాయని అనుకుంటాం. అలా జరగదు. కాలు పొట్టిగా ఉండటానికి కారణమైన జన్యువు ఒక్క పాలు ఉంటే కోడి పొట్టిదవుతుంది. తండ్రి నుంచీ తల్లి నుంచీ రెండు పాళ్లూ వస్తే పిండం గుడ్డులోనే చనిపోతుంది. 12 గుడ్లు పొదిగిస్తే సగటున 3 చస్తాయి, 6 పొట్టివి, 3 పొడుగు కాళ్లవి వస్తాయి. మనమేమో కరెంటు పోయిందనీ, పెట్ట సరిగా కూర్చోలేదనీ తిట్టుకుంటాం. ఏడో రోజు రాత్రి గుడ్డును టార్చిలైటు ముందు పెట్టి చూడండి. లోపల నెత్తుటి ఉంగరంలాగా కనిపిస్తే పిండం తొలిరోజుల్లోనే పోయిందని అర్థం.

ఉపాయం సులువే. పొట్టి పుంజుకు అదే జాతిలో పుట్టిన పొడుగు కాళ్ల పెట్టను కట్టండి. 12 గుడ్లలో 6 పొట్టివి, 6 పొడుగువి. చచ్చేది ఏమీ లేదు. పొట్టి పిల్లల లెక్క మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఆరే. అలాంటప్పుడు మూడు పిండాలను పోగొట్టుకోవడం ఎందుకు? పొడుగు కాళ్ల పెట్టలను సంతకు తోలేసేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఈకలు వెనక్కి తిరిగి ఉండే ఫ్రిజిల్ కోళ్లకూ దాదాపు ఇదే సూత్రం. ఫ్రిజిల్‌కు ఫ్రిజిల్ కడితే నాలుగింట ఒకటికి ఈకలు మరీ చుట్టుకుపోయి, పెళుసై రాలిపోతాయి, ఒళ్లు బోడిదవుతుంది. చలికి తట్టుకోలేదు. మామూలు ఈకలదానితోనే కట్టాలి. పోలిష్ పిల్లలకు నడినెత్తి ఎముక గట్టిగా మూసుకోదు. పక్క కోడి అక్కడ ఒక్క పోటు పొడిచినా చాలు. వాటిని వేరేగా పెంచండి.

ఒక పుంజు, రెండు మూడు పెట్టలతో మొదలుపెడితే చాలు. మంచి గుణం నిలబడాలంటే కూతురిని తండ్రికి, కొడుకును తల్లికి కట్టే పద్ధతి ఉంది. అన్నాచెల్లెళ్లను మాత్రం వరసగా తరాలు తరాలు కట్టకూడదు. గుడ్లు మురగడం పెరిగిందన్నా, పిల్లలు పెంకు పగలగొట్టలేకపోతున్నాయన్నా రక్తం మరీ దగ్గరైపోయిందని గుర్తు. అప్పుడు బయటినుంచి ఒక పెట్టను తెచ్చి, వేరే గూట్లో దాని పిల్లలను ఒక ఏడాది చూసి, నచ్చితేనే అసలు మందలో కలపాలి. బయటి పుంజును నేరుగా తెచ్చి అన్ని పెట్టల మీదికి వదిలితే, దాని లోపం ఒక్క సీజనులో ఇల్లంతా పరుచుకుంటుంది.

ఏది ఎవరి పిల్లో తెలియాలి కదా. పిల్ల పుట్టిన రోజునే కాలి వేళ్ల మధ్య పొరకు చిన్న రంధ్రం వేస్తారు. రెండు కాళ్లకు కలిపి నాలుగు పొరలు. ఎక్కడ వేశాం, ఎక్కడ వదిలేశాం అన్నదాన్ని బట్టి 16 రకాల గుర్తులు వస్తాయి. ఈ పదహారింటినీ నోటుబుక్కులో గీసుకుంటే చాలు. జ్ఞాపకం ఉంటుందిలే అనుకునేవాడికి రెండో ఏడాదికల్లా అంతా కలగాపులగమే.

మన ఎండకు పొదిగింపు అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపే ముగించాలి. ఏప్రిల్, మేలలో గుడ్లు నిలవవు, పుంజుకు ఓపిక ఉండదు. కోడి గుడ్డుకు 21 రోజులు, బాంటం గుడ్లు ఒకటి రెండు రోజులు ముందే పగలడం మామూలే. కొచ్చిన్ బాంటం, సిల్కీ పెట్టలు పొదగడంలో దిట్టలు. పోటీకి పనికిరాని పెట్టను కూడా అమ్మేయకండి, ఇతర జాతుల గుడ్లకు పనికొస్తుంది. దాని ఒంటి కిందికి తన గుడ్లైతే ఎనిమిది పది, పెద్ద కోడి గుడ్లైతే నాలుగైదు పడతాయి.

డాబా మీద కాపురం

పుంజు, రెండు పెట్టలకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గూడు చాలు. కింద వరిఊక పరవాలి, తడిస్తే మార్చాలి. కాళ్లకు ఈకలుండే జాతులకు తడి ఊక శత్రువు. ఈకలు ముద్దకట్టి విరిగిపోతాయి, కాళ్ల పొలుసుల కింద పురుగు చేరుతుంది. పొలుసులు లేచి బూజుపట్టినట్టు కనిపిస్తే కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ పట్టించి, డాక్టరుకు చూపించాలి. నెలవయసు పిల్లలు నెత్తుటి రెట్ట వేస్తే రక్తపారుడు. ఒక్కరోజు ఆలస్యం చేసినా నష్టమే.

పిల్లలకు మొదటివారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరు లేకపోతే పిల్లలనే చూడండి. బల్బు కింద కుప్పపడితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి.

మేత పెద్దకోడికి వేసినట్టు వేయకూడదు. ఎదిగిన బాంటంకు రోజుకు 50 గ్రాములకు అటూఇటూ సరిపోతుంది. ముద్దుకొద్దీ జొన్నలు, అన్నం కుమ్మరిస్తే కొవ్వుపట్టి గుడ్లు మానేస్తుంది. తెల్ల కోళ్లకు పసుపు మొక్కజొన్న ఎక్కువ పెడితే ఈకల్లో పసుపు ఛాయ వస్తుంది, ఎండలో తిరిగినా అంతే. నల్ల కోడి ఎండకు తుప్పురంగుకు తిరుగుతుంది. కనుక పోటీ కోడికి నీడ తప్పనిసరి. మే నెలలో గూటి మీద తడి గోనెసంచులు వేయాలి.

ఇప్పుడు ఆ కూత సంగతి. బస్తీలో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. పొద్దున్నే పుంజు కూస్తే పక్కింట్లో పసిపిల్ల లేస్తుంది. కోడి కూయాలంటే మెడ నిక్కించాలి. రాత్రికి గాలాడే రంధ్రాలున్న, చీకటిగా ఉండే, తల పైకి చాపలేనంత ఎత్తున్న పెట్టెలో పడుకోబెట్టి ఆరు గంటలకు వదలండి. పక్కింటివాళ్లకు అప్పుడప్పుడు నాలుగు గుడ్లు పంపండి. రెండోది మొదటిదానికన్నా బాగా పనిచేస్తుంది.

చాదర్‌ఘాట్‌లో ఇంకో భయం మూసీ. 2020 అక్టోబరులో, మళ్లీ 2025 సెప్టెంబరులో వరద నీళ్లు ఒడ్డు బస్తీల్లోకి వచ్చాయి. కింది వరండాలో గూళ్లు కట్టుకున్నవాళ్లు వాటిని ఎత్తి డాబా మీదికి చేర్చే వీలు ముందే చూసుకోవాలి. అందుకే ఇటుకలతో కట్టిన గూడు కన్నా ఇద్దరు మోయగల కర్రగూడు మంచిది.

స్నానం, సింగారం

పోటీకి రెండువారాల ముందునుంచే కోడిని చిన్న పంజరానికి అలవాటు చేయాలి. రోజూ రెండుసార్లు బయటికి తీసి, రెక్క విప్పి చూసి, మళ్లీ పెట్టాలి. జడ్జి చేతిలో కొట్టుకునే కోడి ఎంత అందంగా ఉన్నా దాని ఒడ్డూ పొడుగూ ఆయనకు కనిపించవు.

మూడు నాలుగు రోజుల ముందు స్నానం. మూడు టబ్బులు గోరువెచ్చని నీళ్లు పెట్టుకోండి. మొదటిదాంట్లో మెత్తటి సబ్బునురగ, రెండోదాంట్లో వట్టి నీళ్లు, మూడోదాంట్లో కొద్దిగా వెనిగర్. ఈక వాలు వెంబడే రుద్దాలి, ఎదురు రుద్దితే విరుగుతుంది. తువ్వాలుతో అద్ది, గాలిలేని చోట ఆరబెట్టాలి. కాళ్ల పొలుసుల సందులు పాత టూత్‌బ్రష్షుతో తోమాలి. పోటీ పొద్దున జుట్టుకు, కాళ్లకు కొబ్బరినూనె వేలితో రాస్తే చాలు. జిడ్డు కారేలా రాస్తే ఈకలంటుకుంటాయి.

రంగు వేయడం, లోపమున్న ఈక పీకేయడం మాత్రం చేయకండి. జడ్జి పట్టుకుంటే పోటీలోంచి తీసేస్తారు. వంకర తోక, వంకర వేళ్లు, జాతికి తగని కాలిరంగు ఉన్న కోడిని ఇంటివద్దే ఉంచేయడం మర్యాద.

డబ్బు సంగతి అడుగుతారని తెలుసు. ఈము పక్షుల గోల మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2012 నాటికి ఆ బుడగ పగిలి, కొనే దిక్కులేక రైతులు పక్షులకు మేత కూడా పెట్టలేకపోయారు. పొట్టి కోళ్ల జతకు ఇంత రేటు, ఏడాదికి ఇంత లాభం అని ఎవరైనా కాగితం మీద లెక్కవేసి చూపిస్తే ఆ కాగితం మడిచి వాళ్లకే ఇచ్చేయండి. కొనేది ఇంకో షౌకీనే. ఆ సంఖ్య ఎప్పుడూ చిన్నదే. మేత ఖర్చు తిరిగొస్తే బాగా నడిచినట్టు.

బర్డ్‌ఫ్లూ మాట కూడా మరవొద్దు. 2015 ఏప్రిల్‌లో నగరం పక్కనే హయత్‌నగర్ మండలం తొర్రూరులో, 2025లో పశ్చిమగోదావరి జిల్లాలో అది బయటపడింది. రోగం తేలిన చోటునుంచి కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపేస్తారు. ఫారం కోడా, మీ ఇంటి సీబ్రైటా అని చూడరు. పదేళ్లు నిలబెట్టిన రక్తం ఒక్క పూటలో పోతుంది. అందుకే తెలిసిన షౌకీన్లు మంచి జతను ఎప్పుడూ ఒకేచోట ఉంచరు. ఒక పుంజు, ఒక పెట్ట వేరే ఊళ్లో బంధువు ఇంట్లో పెడతారు. చుట్టుపక్కల కోళ్లో కాకులో ఉన్నట్టుండి ఎక్కువగా చస్తుంటే దాచకుండా పశువైద్యాధికారికి చెప్పాలి. ఆ రోజుల్లో పోటీలకు పోనేకూడదు.

పోటీ నుంచి వచ్చిన కోడి మెడలో రిబ్బను ఉన్నా సరే, దాన్ని నేరుగా పాత గూట్లోకి ఎక్కించకండి. నాలుగు జిల్లాల కోళ్ల పక్కన కూర్చుని వచ్చింది. మెట్లకింద వేరే పంజరంలో మూడు వారాలు ఉంచి, రోజూ రెట్ట చూసి, ఆ తర్వాతే పెట్టల దగ్గరికి పంపండి.